తొండలు గుడ్లు పెట్టే నేలా, పెట్టని నేలా?

ఎందుకూ కొరగాని బీడు గురించి చెప్పేటప్పుడు మనవాళ్ల నోట ఒకే మాట రెండు రకాలుగా వస్తోంది. "తొండలు గుడ్లు పెట్టే నేల అది, అక్కడ స్థలం కొని ఏం చేసుకుంటావు?" అని ఒకరు. "తొండలు కూడా గుడ్లు పెట్టని నేల" అని ఇంకొకరు. ఒకాయన పెడతాయంటాడు, ఇంకొకాయన పెట్టవంటాడు. చెప్పదలుచుకున్నది మాత్రం ఇద్దరిదీ ఒకటే: పంట పండదు, నీడ ఉండదు, మనిషి అటు తొంగి చూడడు. మా గుంటూరులో స్థలాల బేరగాళ్లకు మూడో రూపం కూడా ఉంది. "ఒకప్పుడు తొండలు గుడ్లు పెట్టిన చోటండీ, ఇప్పుడు గజం ఎంతో తెలుసా?" అంటారు, తొండలు వెళ్లిపోవడం తమ గొప్పే అన్నట్టు.

ఈ మాట వచ్చినప్పుడల్లా "రెండూ వాడుకలో ఉన్నాయి" అని వదిలేస్తున్నాం. నిజమే, ఉన్నాయి. కానీ రెండూ ఒకే ఆలోచనలోంచి పుట్టాయా? నాకైతే అలా అనిపించడం లేదు. ఇందుకు నా సాక్ష్యం నిఘంటువులోది కాదు, మా పెరట్లోది.

కొరిటెపాడులో మాది పాతకాలపు ఇల్లు. వెనక జామ, మునగ, కరివేపాకు చెట్లున్నాయి. ప్రహరీ వెంట గోరింట, నందివర్ధనం, మెట్ల పక్కన కుండీలు. గోరింకలు, పికిలిపిట్టలు, ఉడతలు పొద్దున్నే జామచెట్టు మీద పంచాయితీ పెడతాయి. తొండలకైతే ఎప్పుడూ లోటు లేదు. ఎండలు ముదిరాక మగ తొండ గోడ మీదికెక్కి కూర్చుంటుంది. తల, మెడ ఎర్రగా కందిపోయి ఉంటాయి, గొంతుకు రెండు పక్కలా నల్లటి మచ్చ. ముందుకాళ్ల మీద లేస్తూ వంగుతూ దండీలు తీస్తుంది. ఇది నా జాగా, ఇటు రావద్దు అని ఇంకో మగ తొండకు చెప్పడం ఒకటి, ఆడ తొండకు కనబడడం ఇంకొకటి. చిన్నప్పుడు అది అలా తల ఊపుతుంటే మన రక్తం పీలుస్తోందని చెప్పేవాళ్లు. మేం బొడ్డు మూసుకుని పరిగెత్తేవాళ్లం. ఇంగ్లీషువాళ్లు కూడా ఆ ఎర్ర గొంతు చూసి 'రక్తం పీల్చేది' అనే పేరే పెట్టారు. పాపం అది తినేది చీమల్ని, మిడతల్ని, పురుగుల్ని.

ఇక గుడ్ల సంగతి. తొలకరి పడ్డాక ఒకరోజు వంటింటి కిటికీలోంచి చూస్తుంటే, పొట్ట ఉబ్బిన ఆడ తొండ ఒకటి గోడవార నేలను గోకుతోంది. మాది నల్లరేగడి. పైన తడిసినా లోపల ఇంకా గట్టిగానే ఉంది. రెండుచోట్ల గోకి వదిలేసింది. కాసేపటికి మెట్ల పక్కన గులాబీ కుండీలో కనిపించింది. అందులో ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి పోశాం, రోజూ నీళ్లు పడతాయి. ముందుకాళ్లతో ఒకటి మార్చి ఒకటి తవ్వడం, మట్టిని వెనక్కి నెట్టడం, మధ్యమధ్య ఆగి మెడ ఎత్తి చుట్టూ చూడడం. గుంత తయారయ్యాక వెనక్కి తిరిగి గుడ్లు పెట్టింది. తర్వాత మట్టి పూడ్చి, ముక్కుతో అదిమింది. ఒకసారి కాదు, మేస్త్రీ దిమ్మిసా వేసినట్టు మళ్లీ మళ్లీ అదిమింది. దిగి వెళ్లేటప్పుడు ముట్టె నిండా మట్టే. చూస్తే అక్కడేం జరగనట్టే ఉంది కుండీ.

ఇంత వెతుకులాట ఎందుకంటే, తొండ గుడ్డు పెంకు కోడిగుడ్డు పెంకులా గట్టిది కాదు. తోలులా మెత్తగా ఉండి మట్టిలోని తడిని లోపలికి పీల్చుకుంటుంది, పీల్చుకుని ఉబ్బుతుంది. బొత్తిగా తడి లేనిచోట పెడితే ముడుచుకుపోతుంది. అంటే తొండకు కావలసింది తవ్వడానికి వీలైన నేల, కాస్త తేమ. ఆ రెండూ లేనిచోట అది గుడ్డు పెట్టదు. కాబట్టి "తొండ కూడా గుడ్డు పెట్టని నేల" అన్నవాడు ఊరికే నోటికొచ్చింది అనలేదు. గడ్డపార దిగని, చుక్క నీరు లేని నేలను అంతకన్నా కచ్చితంగా చెప్పలేం.

మా అత్తయ్యగారికి ఇదంతా చెప్తే, "అయితే మన కుండీ మాగాణి కిందే లెక్క" అన్నారు.

ఇప్పుడు వ్యాకరణం వైపు చూడండి. 'పెట్టని' అన్నప్పుడు 'కూడా' వచ్చి చేరుతుంది, లేదంటే 'సైతం'. 'పెట్టే' అన్నప్పుడు చేరదు. "తొండలు కూడా గుడ్లు పెట్టే నేల" అని చూడండి, అది తిట్టు కాదు, పొగడ్త అయిపోతుంది. అందుకే 'పెట్టని' కాస్తా నోటివాడుకలో మారిపోయి 'పెట్టే' అయిందనే వాదన నాకు రుచించదు. 'పెట్టని' అనేది "చీమలు దూరని చిట్టడవి, కాకులు దూరని కారడవి" వరసలోది. ఎక్కడైనా సర్దుకుపోయే అల్పప్రాణి కూడా వద్దనుకున్న చోటు అని. 'పెట్టే' అనేది "పొయ్యిలో పిల్లి లేవలేదు" వరసలోది. మనిషి పని ఆగిపోయిన చోట జంతువు కాపురం పెట్టింది అని. రెండూ మంచి తెలుగే. నా ఓటు మాత్రం 'పెట్టని'కే.

మీరేమంటారు?

*

నరసరావుపేట నుంచి ఒకరు:
మీ కుండీ లెక్క పొలానికి పనికిరాదమ్మా. దున్నే చేలో తొండ గుడ్డు నిలవదు. నాగలి పడితే పైకి లేస్తాయి, కాకులు ఏరుకుపోతాయి. అందుకని అది గట్టు మీదో, బీట్లోనో చూసుకుంటుంది. రైతు తొండ గుడ్లు చూశాడంటే చాన్నాళ్లుగా నాగలి తగలని నేలను తవ్వుతున్నాడని అర్థం. మా నాయనావాళ్లు సాగర్ కాలువ రాకముందు పై పొలాన్ని 'తొండలు గుడ్లు పెట్టే చేను' అనే పిలిచేవాళ్లు. నీళ్లు వచ్చాక అదే చేలో పత్తి, మిరప వేశాం. పేరు మాత్రం కొన్నాళ్లు పోలేదు.

నా జవాబు:
ఇది గట్టి మాట. సాగర్ నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో కదా, అంటే మీ నాయనగారి వాడుక అంతకు ముందుదన్నమాట. దీన్నిబట్టి 'పెట్టే' అన్నది నేలను రోజూ చూసే రైతు నోటి మాట, 'పెట్టని' అన్నది దూరం నుంచి అతిశయోక్తిగా అనేవాడి మాట అని విడదీయొచ్చేమో. అయినా ఒకటి గమనించండి. మీ చేను బీడుగా ఉంది గానీ చచ్చిన నేల కాదు. తొండలు అక్కడ గుడ్లు పెట్టాయి కాబట్టే, నీళ్లు తగలగానే పత్తి పండింది!

కరీంనగర్ నుంచి ఒకరు:
మా దిక్కు తొండ అంటె నేల ముచ్చట కన్న లాగు ముచ్చటనే ఎక్కువ. ఎవరినన్న బెదిరియ్యాలంటె "లాగుల తొండలు ఇడుస్త" అంటరు. గుడ్ల మాట కూడ ఉన్నది. "తొండలు గుడ్లు పెట్టని భూమి" అనే నేను ఎక్కువ ఇన్న.

చిత్తూరు నుంచి ఒకరు:
లాగు మాటంటే గుర్తొచ్చింది. మా వైపు తమిళం మాట్లాడేవాళ్లు "కంచె మీద పోయే ఓణాన్‌ను తీసి పంచెలో వదులుకున్నట్టు" అనే అర్థంలో ఒక సామెత చెప్తారు. ఓణాన్ అంటే తొండే.

నా జవాబు:
రెండింట్లోనూ తొండ దూరేది ఒకేచోటికి. కాకపోతే తెలంగాణలో అది ఎదుటివాడికి వేసే శిక్ష, తమిళంలో తనకు తాను తెచ్చుకున్న తంటా. తమిళ సామెతకు మన దగ్గర సరిజోడు "దారిన పోయే తద్దినాన్ని పిలిచి తెచ్చుకున్నట్టు". తొండ పంచెలో దూరితే పడే టెన్షన్ తద్దినంలో లేదనుకోండి.

విజయవాడ నుంచి ఒకరు:
మేడమ్, పనిలోపని "తొండ ముదిరితే ఊసరవెల్లి" గురించి కూడా చెప్పండి. మా మొగల్రాజపురం ఇంట్లో గోడ మీద రంగు మారేదాన్ని మేమంతా ఊసరవెల్లి అనే అంటాం. అది ముదిరిన తొండేనా?

నా జవాబు:
గోడ మీద చకచకా పరిగెత్తి, ఆగి, తల ఊపి, మళ్లీ పరిగెత్తిందంటే అది నూటికి నూరుపాళ్లు తొండే. ఎంత ముదిరినా తొండ తొండగానే ఉంటుంది. ఊసరవెల్లి వేరే కుటుంబపు జీవి. దాని నడక చూస్తే ఇక పొరపడరు. కొమ్మ మీద ఒక అడుగు ముందుకేసి, గాలికి ఊగే ఆకులా ముందుకీ వెనక్కీ ఊగి, తర్వాత గానీ రెండో అడుగు వేయదు. కాలివేళ్లు రెండు జట్లుగా అతుక్కుని పట్టకారులా కొమ్మను పట్టుకుంటాయి. తోక చుట్ట చుట్టుకుంటుంది. ఒక కన్ను ముందుకు చూస్తుంటే ఇంకో కన్ను వెనక్కి చూస్తుంటుంది. నాలుక ఒంటి పొడవును మించి సాగుతుంది. మన దక్షిణాదిలో మెట్ట తుప్పల్లో, పొలం గట్ల మీది చెట్లలో ఉంటుంది గానీ, పట్నం ప్రహరీ గోడల మీద కనిపించడం అరుదు. ఎక్కడైనా కనిపిస్తే పట్టుకోకండి, 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద దానికి రక్షణ ఉంది.

అయితే సామెత కట్టినవాళ్లకు చూపు లేదని అనలేం. తొండ కూడా రంగు మారుస్తుంది. చిన్న తొండకు ఎర్ర గొంతు ఉండదు. ఎదిగిన మగదానికి జత కట్టే కాలంలో వస్తుంది, పోట్లాట ముగిసి ఓడిపోతే దిగిపోతుంది. అంటే 'ముదిరిన' తొండే రంగులు చూపిస్తుంది. 1802లో డోడిన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తొండకు పెట్టిన పేరులో 'వెర్సికలర్' అని ఉంది. రంగులు మార్చేది అని దానర్థం. ఊసరవెల్లికి దక్కాల్సిన బిరుదు శాస్త్రంలో తొండకు దక్కింది.

ఇంకో అపోహ కూడా ఉంది. ఊసరవెల్లి ఏ ఆకు మీద కూర్చుంటే ఆ రంగులోకి మారుతుందని మన కథల్లో, ఎన్నికల ప్రసంగాల్లో అంటుంటారు. అది రంగు మార్చేది ముఖ్యంగా కోపానికి, భయానికి, జత కోసం, ఎండ వేడిని బట్టి. మడగాస్కర్‌లో ఉండే ఒక రకం ఊసరవెల్లి మీద జెనీవా విశ్వవిద్యాలయంవాళ్లు 2015లో పరిశోధన ప్రచురించారు. దాని చర్మకణాల్లో అతి సన్నని స్ఫటికాలుంటాయి. వాటి మధ్య ఎడం పెరిగినా తగ్గినా వెనక్కి వచ్చే వెలుతురు రంగు మారిపోతుంది. రంగు పూసుకోవడం కాదన్నమాట. కాబట్టి పార్టీ మారే నాయకుణ్ణి ఊసరవెల్లి అనడం ఊసరవెల్లికే అన్యాయం. అది ఎవరి పక్కన కూర్చుందో చూసి మారదు.

ఒంగోలు నుంచి ఒకరు:
ఊసరక్షేత్రం అంటే చవిటినేల కదా. ఊసరవెల్లిలో ఊసర కూడా అదేనా? అలాగైతే తొండకు, ఊసరవెల్లికి ఇద్దరికీ బీడుతోనే చుట్టరికం!

నా జవాబు:
ముచ్చటగా ఉంది. కన్నడంలో కూడా 'ఊసరవళ్ళి' అనే మాట ఉంది. కానీ ఎక్కువ భాగం చెట్టు మీదే బతుకుతూ, గుడ్లు పెట్టడానికి మాత్రం కిందికి దిగే జీవికి చవిటినేల పేరు అతకడం లేదు. నేనైతే దీన్ని వాదంలో వాడను. అలాగే ఇంకొకరు 'తొండి' ఆటకూ తొండకూ ముడిపెట్టారు. ధ్వని కలిసినంత మాత్రాన వియ్యమందుకోకూడదు. తొండ ఎవర్నీ మోసం చేయదు, చూడగానే పారిపోతుంది.

తెనాలి నుంచి ఒకరు:
అక్కా, ఇంతకీ కుండీలో గుడ్లు ఏం చేశారు? మా పిల్లలు బయటికి తీసి చూద్దామంటున్నారు, మా ఇంట్లోనూ ఇలాగే పెట్టింది.

నా జవాబు:
తీయొద్దమ్మా. పాము, బల్లి జాతుల గుడ్లను పెట్టినట్టే ఉంచాలి. పొర్లిస్తే లోపలి పిల్ల చచ్చిపోయే ప్రమాదం ఉంది. తల్లి మళ్లీ రాదు, కాపలా కాయదు, పిల్లల్ని సాకదు. కుండీ జరపకుండా, మట్టి బురద కాకుండా కొంచెం కొంచెం నీళ్లు చల్లుతున్నాం. ఆరేడు వారాలు పట్టొచ్చు. గులాబీకి ఎరువు వేయడం, మట్టి గుల్ల చేయడం ఆపేశాం. అత్తయ్యగారు దాని మీద పూలసజ్జ బోర్లించారు, పిల్లి గోకకుండా. మా జామచెట్టు మీదికి జెముడుకాకి వస్తుంటుంది. దానికి తొండపిల్లలంటే ప్రాణం. దాన్ని ఆపడం నా వల్ల కాదు, ఆపాలని కూడా లేదు.

శ్రీకాకుళం, అనంతపురం వైపు నుంచి ఇంకా ఎవరూ రాయలేదు. అక్కడ 'పెట్టే' అంటారో 'పెట్టని' అంటారో, ఇంట్లో విన్న వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాయండి. ఎవరు అన్నారు, ఏ నేల గురించి అన్నారు అనేది కూడా చేర్చండి. రేగడా, ఇసుకా, ఎర్రనేలా తెలిస్తే నరసరావుపేట ఆయన వాదన నిలుస్తుందో నాది నిలుస్తుందో తేల్చుకోవచ్చు.