అప్‌డేట్: తరగతికి ఈమెయిల్ గ్రూపు నడుస్తోంది

తిరుపతిలో డిగ్రీ పాఠాలు చెబుతున్నానని, వాట్సాప్‌లో పెట్టిన నోట్సు శుభోదయాల కింద పూడిపోతోందని, ఈమెయిల్ గ్రూపు పనికొస్తుందా అని ఇదివరకు అడిగాను. పనికొచ్చింది.

మీలో కొందరు చెప్పినట్టే గూగుల్ గ్రూప్స్ ఎంచుకున్నాను (ఒక్క చిరునామాకు రాస్తే సభ్యులందరికీ మెయిల్ చేరుతుంది). జవాబు ఎవరికి వెళ్లాలన్న సెట్టింగు గురించిన సలహా అన్నిటికంటే విలువైనది. జవాబు నేరుగా పంపినవారికే వెళ్లేలా పెట్టాను. లేకపోతే ఒకరి సెలవు చీటీని తరగతి మొత్తం చదివేది. పాఠంలో సందేహాలను మాత్రం గ్రూపుకే రాయమంటున్నాను. ఒకరి అనుమానమే వెనక బెంచీలో మరో నలుగురికీ ఉంటుంది, వాళ్లు అడగరంతే. సభ్యుల జాబితా నిర్వాహకులకే కనిపించేలా మార్చాను. వాట్సాప్‌లో లాగా ఫోను నంబర్లు అందరి చేతుల్లో పడటం లేదని అమ్మాయిల తల్లిదండ్రులు సంతోషించారు. ఆలస్యంగా చేరినవారు పాత ఉత్తరాలన్నీ అక్కడే చదువుకోవచ్చు. జీమెయిల్‌లో జోడింపులకు 25 ఎంబీ హద్దు ఉంది కాబట్టి స్కాన్ చేసిన పెద్ద ఫైళ్లను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింకు పంపుతున్నాను.

తీరని చిక్కు ఒకటే: పిల్లలు మెయిల్ తెరవరు. ఆండ్రాయిడ్ ఫోనులో ప్లే స్టోర్ నుంచి యాప్‌లు దింపుకోవడానికి గూగుల్ ఖాతా కావాలి కనుక వాళ్లకు జీమెయిల్ ఉందంతే. కొందరి పాస్‌వర్డు ఫోను అమ్మిన దుకాణదారుకే తెలుసు! వాళ్లకు ల్యాబులో కూర్చోబెట్టి కొత్త ఖాతాలు తెరిపించాను. రేణిగుంట, శ్రీకాళహస్తి నుంచి రైల్లో వచ్చేవారు ప్రయాణంలో చదువుతున్నారు. మిగిలినవారి కోసం వాట్సాప్‌లో ‘మెయిల్ చూడండి’ అని ఒక్క ముక్క రాయక తప్పడం లేదు.