మెథోట్రెక్సేట్‌తో కర్క్యుమిన్: మిరియాల సారం ఉన్న మాత్రా, లేనిదా?

రుమటాయిడ్ కీళ్లవాతానికి వారానికి ఒక్కసారి మెథోట్రెక్సేట్, తోడుగా ఫోలిక్ యాసిడ్ నడుస్తుండగా పసుపు సారం కలపడం గురించి అడుగుతున్నాను. పసుపులో మందులా పనిచేసే పదార్థమైన కర్క్యుమిన్, పొడిలో సుమారు 3 శాతమే. 3 గ్రాముల పొడికి 90 మిల్లీగ్రాములు. కూరకు సరే, మందుకు చాలదు. అందుకే 500 మి.గ్రా. మాత్ర రోజుకు రెండు, అదీ కొవ్వున్న భోజనంతో, ఎందుకంటే నీళ్లలో కరగదు.

చిక్కంతా కొన్ని మాత్రల్లో కలిపే మిరియాల సారంలోని పైపెరిన్‌తోనే. మందుల్ని విరగ్గొట్టే ఎంజైముల్ని అది అణిచేస్తుంది. దాంతో కర్క్యుమిన్ రక్తంలోకి బాగా చేరుతుంది గానీ, వేరే మందుల మోతాదూ రక్తంలో పెరగొచ్చు. గాఢ పసుపు సారంతో కాలేయం వాచిన కేసులూ ఉన్నాయి, మెథోట్రెక్సేట్ దెబ్బా అక్కడే. ఎస్‌జీపీటీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) పెరిగితే తప్పు దేనిదో తేల్చేదెలా?

పైపెరిన్ లేని మాత్ర వాడించిన వైద్యులు, ఫార్మసిస్టులు చెప్పండి: మొదటి లివర్ పరీక్ష ఎన్ని వారాలకు? ఎస్‌జీపీటీ పెరిగితే మెథోట్రెక్సేట్, కర్క్యుమిన్ రెంటిలో ముందు ఏది ఆపుతారు?