క్లబ్బు సభ్యత్వం రద్దు కాదట, పైగా రికవరీ ఫోన్లు. బరంపురంలో ఉండి ఏం చేయాలి?

గంజాంగట్టు:
మా బావగారిది బరంపురం. 20 నెలల కిందట విశాఖ హోటల్లో "గిఫ్ట్ వచ్చింది" అని పిలిచి హాలిడే క్లబ్బు సభ్యత్వం అంటగట్టారు. పదేళ్లకి 1,80,000. 30,000 కార్డు గీకించుకుని, మిగతాదానికి అక్కడే ఫైనాన్స్ కంపెనీ లోను పెట్టించారు. 24 వాయిదాల్లో 20 అయ్యాయి. గది అడిగిన 3 సార్లూ ఖాళీ లేదన్నారు. అగ్రిమెంటులో "రద్దు లేదు, వాపసు లేదు, తగాదా హైదరాబాద్ కోర్టులోనే" అని ఉంది. ఇప్పుడు రెండేళ్ల క్లబ్బు మెయింటెనెన్సు 28,320 బాకీకి 41,600 కట్టమని రాత్రి 9కి ఫోన్లు. మిగిలిన 4 వాయిదాలు ఆపేయొచ్చా?

ఉప్పుగాలి:
ఆపేయండి. ఖాతాలో డబ్బు తీసేస్తే వాళ్లే దిగొస్తారు.

ఖాతాపుస్తకం:
పొరపాటున కూడా ఆ పని చేయకండి. ఇక్కడ బాకీలు రెండు. లోను ఫైనాన్స్ కంపెనీది, క్లబ్బు గది ఇవ్వకపోయినా అది బతికే ఉంటుంది. వాయిదా తప్పితే సిబిల్‌కి, అంటే అప్పుల చరిత్ర రాసిపెట్టే సంస్థ రికార్డుకి, ఎక్కుతుంది. ఖాతాలో డబ్బు లేక నాచ్ (వాయిదా దానంతటదే కోసుకునే ఏర్పాటు) తిరిగొస్తే, చెక్ బౌన్సులాగే 2007 పేమెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు పెట్టొచ్చు. ఉన్నవి నాలుగే, కట్టేయండి.

మెయింటెనెన్సు సంగతి వేరు. క్లబ్బు రుణసంస్థ కాదు, సిబిల్‌కి నేరుగా ఎక్కించే వీలు దానికి లేదు. కోర్టు తేల్చేదాకా అది వాళ్లు అడుగుతున్న సొమ్ము మాత్రమే. 12,000 మీద 18 శాతం జీఎస్టీతో 14,160, రెండేళ్లకి మీరన్న 28,320. పైన 13,280 దేనికో లెక్క రాతలో అడగండి. అగ్రిమెంటులో జరిమానా ఎంత రాసుకున్నా, కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం న్యాయమైన పరిహారమే వస్తుంది.

ఫోన్ల మాట. ఉదయం 8 నుంచి రాత్రి 7 వరకే అన్నది రిజర్వు బ్యాంకు లోను వసూళ్లకి పెట్టిన నియమం. క్లబ్బు మనుషులకి అది వర్తించదు. వాళ్లు బెదిరిస్తే బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 351వ సెక్షన్ కింద పోలీసు ఫిర్యాదు. వాట్సాప్‌లో "అరెస్టు నోటీసు" పీడీఎఫ్ వస్తే కేసు నంబరు, కోర్టు పేరు, లాయరు చిరునామా ఉన్నాయేమో చూడండి. ముద్ర పెద్దగా, ఇవేవీ లేకుండా ఉంటే అది భయపెట్టడానికి పంపిన కాగితం.

మెట్లబావి:
గడువు చూసుకోండి ముందు. వినియోగదారుల ఫిర్యాదుకి కారణం పుట్టిన రోజు నుంచి 2 ఏళ్లు. సంతకం తేదీ నుంచి లెక్కేస్తే 4 నెలలే మిగిలాయి.

హైదరాబాద్ షరతు పట్టించుకోకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్‌లో ఫిర్యాదీ ఉండే చోటే వేయొచ్చని ఉంది, కాబట్టి బరంపురంలోని గంజాం జిల్లా వినియోగదారుల కమిషనే. చెల్లించినది 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఈ-జాగృతి అనే వినియోగదారుల కమిషన్ల పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా పెట్టొచ్చు.

చాలామంది తప్పేది ఒకచోట. "ఈ కాంట్రాక్టే అన్యాయం, కొట్టేయండి" అని రాస్తే అది రాష్ట్ర కమిషన్ పరిధి, కటక్ వెళ్లమంటారు. "సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి, డబ్బు వాపసు" అని రాయండి. అనుచిత వ్యాపార పద్ధతికి ఆ చట్టం 2(47)లో ఇచ్చిన నిర్వచనంలో, లోపమున్న సేవను ఆపి సొమ్మును బిల్లులో రాసిన గడువులో, అది లేకపోతే 30 రోజుల్లో, తిరిగివ్వడానికి నిరాకరించడం కూడా ఉంది. ఫైనాన్స్ కంపెనీని రెండో ప్రతివాదిగా చేర్చండి. అదే చట్టం 38(8) కింద వసూళ్లు ఆపమని మధ్యంతర ఉత్తర్వు అడగండి.

సాక్ష్యం? ఫోన్లో "ఖాళీ లేదు" అన్నది నిలబడదు. ఇవాళే ఈమెయిల్లో రెండు తేదీలకి గది అడగండి, ఒకటి వారం మధ్యలో ఉండాలి. వాళ్లు లేదన్న రోజే అదే హోటల్ బుకింగ్ సైటు తెరిచి, ఆ తేదీలకి గదులు చూపిస్తుంటే తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్ తీయండి. వంద మాటల కన్నా ఆ ఒక్క బొమ్మ పనిచేస్తుంది.

ఆపైన రద్దు కోరుతూ 15 రోజుల గడువుతో నోటీసు, స్పీడ్ పోస్టులో. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు కూడా తీసుకోండి, కానీ దానికోసం రెండేళ్ల గడువు ఆగదు.

గంజాంగట్టు:
మెసేజీలన్నీ తెలుగులోనే ఉన్నాయండి, పర్లేదా?

మెట్లబావి:
ఫిర్యాదు ఇంగ్లీషులో రాసి, ఒక్కో తెలుగు మెసేజీ పక్కన అనువాదం పెట్టండి. స్క్రీన్‌షాట్లకి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రం) జతచేయండి. ఆ మెసేజీలున్న ఫోను మాత్రం మార్చకండి.