2020 ఫార్ములా 1లో రేసింగ్ పాయింట్ టీమ్ బ్రేక్ డక్టులు (బ్రేకులకు గాలి పంపే భాగాలు): శిక్ష సరిపోయిందా?

పోల్‌పొజిషన్: రేసింగ్ పాయింట్ డక్టులు మెర్సిడెస్ డిజైనేనని స్టిరియన్ గ్రాండ్ ప్రి తర్వాత పోటీ టీమ్ రెనో ఫిర్యాదు చేస్తే, ఆగస్టు 7న స్టీవార్డులు (రేసు తీర్పరులు) 4 లక్షల యూరోల జరిమానా వేసి, కన్‌స్ట్రక్టర్ల (టీమ్‌ల) పట్టికలో 15 పాయింట్లు కోశారు. డక్టులు మాత్రం కారు మీదే ఉండనిచ్చారు. మిడ్‌ఫీల్డ్‌లో, అంటే పట్టిక మధ్యలో పోటీపడే మిగతా టీమ్‌లకు ఇది ముమ్మాటికీ అన్యాయం.

గుంటూరు గేర్: అన్నా, వాళ్లు తప్పు పట్టింది భాగాన్ని కాదు, దాన్ని డిజైన్ చేసిన తీరుని. టెక్నికల్ రూల్స్ ప్రకారం అది సరిగ్గానే ఉంది. 2019లో బ్రేక్ డక్టులు 'లిస్టెడ్' భాగాలు కావు. మెర్సిడెస్ నుంచి వాళ్ల 2019 కారు డబ్ల్యూ10 క్యాడ్ ఫైళ్లు (కంప్యూటర్ డ్రాయింగులు) తీసుకోవడానికి అడ్డే లేదు. 2020లో జాబితాలో చేర్చారు, ఇక ఎవరిది వాళ్లే డిజైన్ చేసుకోవాలి. ముందు డక్టులు 2019 కారు మీదే వాడారు కాబట్టి వాటి జోలికి పోలేదు. వెనకవి వాడలేదు, ఎందుకంటే అప్పటి కారు వెనక భాగం ఎత్తుగా నడిచే రకం, మెర్సిడెస్ డక్టు దానికి నప్పదు. చిక్కంతా అక్కడే వచ్చింది: 2020లో పెట్టిన వెనక డక్టులు సొంత డిజైన్ కాదు, మెర్సిడెస్‌దేనని తేల్చారు. చూసేసిన డ్రాయింగుని ఇంజినీర్లు బుర్రలోంచి ఎలా చెరిపేస్తారు?

డిఫ్యూజర్: చెరిపేయమని ఎవరూ అనలేదండీ. డక్టంటే డిస్కుకి గాలి పంపే గొట్టమే అయితే ఇంత గొడవ ఉండేది కాదు. వెనక డక్టుకి లోపలివైపు చిన్న చిన్న రెక్కలు ఒకదానిమీద ఒకటి ఉంటాయి. అవి సొంతంగా డౌన్‌ఫోర్స్ (కారుని నేలకి అదిమే బలం) ఇస్తాయి, టైరు పక్కన చెదిరే గాలి కారు వెనక అడుగున ఉండే డిఫ్యూజర్ అనే భాగం పనిని పాడుచేయకుండా కాస్తాయి. డక్టులోంచి వచ్చే వేడి రిమ్ముకి ఎంత తగిలితే టైరు ప్రెషర్ అంత మారుతుంది. ఇవన్నీ సున్నా నుంచి కుదర్చాలంటే విండ్ టన్నెల్లో (కారు నమూనా మీదికి గాలి వదిలి పరీక్షించే గది) బోలెడు రన్లు ఖర్చవుతాయి. టన్నెల్ సమయానికి అందరికీ పరిమితి ఉంది. డక్టు డిజైన్ వేరేచోట నుంచి వస్తే, ఇక్కడ మిగిలిన రన్లు కారు ఫ్లోరుకో రెక్కకో పోతాయి. అసలు లాభం అది.

గుంటూరు గేర్: ఆ లెక్క ఒప్పుకుంటా. కానీ చివరి పట్టిక చూడండి: మెక్‌లారెన్ 202, రేసింగ్ పాయింట్ 195, రెనో 181. కోసిన 15 కలిపితే 210, మూడో స్థానం వాళ్లదే. ఇంతకంటే ఏం వేయాలి?

పోల్‌పొజిషన్: ఆ 15 స్టిరియన్ రేసుకే, కారుకి ఏడున్నర చొప్పున. ఆరు, ఏడు స్థానాలతో ఆ రోజు వాళ్లకొచ్చింది 14, ఆ లెక్క సరిపోయింది. వారం తర్వాత హంగరీలో అవే డక్టులతో నాలుగు, ఏడు స్థానాలొచ్చాయి. దానికి మందలింపుతో సరిపెట్టారు. ఆ 18 పాయింట్లు అలాగే ఉన్నాయి, నాకు మింగుడుపడనిది అదే.