‘మాతృకానుసారం’ అంటే ఎంతవరకు?

ప్రశ్న: కామిక్స్ ఆధారంగా సినిమా వచ్చిన ప్రతిసారీ అభిమానులు ‘మూలాన్ని చెడగొట్టారు’ అంటారు, తీసినవాళ్లు ‘మూలాన్ని గౌరవించాం’ అంటారు. ఈ చర్చలో శ్రీనాథుడి ‘మాతృకానుసారంబున’ (మూలాన్ని అనుసరించి) అన్న మాట వాడవచ్చా?

జవాబు: నిక్షేపంగా వాడవచ్చు. అయితే ఆ మాటను దాని వాక్యంలోంచి ఊడబెరకకూడదు. శ్రీహర్షుడి సంస్కృత నైషధాన్ని తెలుగు చేసిన శృంగారనైషధంలో ఆయన అన్నది ఇది: ‘శబ్దం బనుసరించియు, నభిప్రాయంబు గుఱించియు, భావం బుపలక్షించియు, రసంబు పోషించియు, నలంకారంబు భూషించియు, నౌచిత్యం బాదరించియు, ననౌచిత్యంబు పరిహరించియు, మాతృకానుసారంబున’ చెప్పానని. ఒక్కో అంశానికి ఒక్కో క్రియ వేశాడు చూడండి. అనుసరించేది శబ్దాన్ని, అంటే మాటను, పై రూపాన్ని; పోషించేది రసాన్ని, అంటే చదివేవారిలో కలిగే అనుభూతిని. పైగా తగనిదాన్ని వదిలేయడం కూడా ఆయన లెక్కలో మాతృకానుసారమే.

ఇప్పుడు 2002 నాటి స్పైడర్‌మ్యాన్ సినిమా తీసుకుందాం. 1962 నాటి కామిక్‌లో సాలెదారాన్ని వదిలే పరికరాన్ని కథానాయకుడు పీటర్ స్వయంగా తయారుచేసుకుంటాడు. సినిమాలో ఆ దారం అతని మణికట్టు నుంచే పుడుతుంది. అభిమానులు మండిపడ్డారు. బడికి వెళ్లే కుర్రాడు అంతటి రసాయనాన్ని ఇంట్లో తయారుచేశాడంటే ఎవరు నమ్ముతారన్నది మార్పును సమర్థించినవారి వాదన. శ్రీనాథుడి మాటల్లో చెప్పాలంటే అనౌచిత్యాన్ని పరిహరించామంటున్నారు. నేను మాత్రం అభిమానుల పక్షమే. బలం సాలీడు కాటు వల్ల వచ్చింది, దారం అతని తెలివి వల్ల వచ్చింది. ఆ రెండోది తీసేస్తే పోయేది శబ్దం కాదు, భావం.

2000లో వచ్చిన ఎక్స్‌మెన్‌లో రంగురంగుల దుస్తులకు బదులు నల్లతోలు వేయించడం అలాంటిది కాదు. అది ఒట్టి శబ్దం. దానిమీద అంత రభస అక్కర్లేదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది 2009 నాటి వాచ్‌మెన్. చాలా దృశ్యాలను బొమ్మకు బొమ్మ దించారు. కామిక్ ముగింపులోని రాక్షసాకారపు జలచరాన్ని తొలగించారని పెద్ద గొడవైంది కానీ, అసలు లోపం అక్కడ లేదు. కామిక్‌లో ముసుగు వీరుల కొట్లాట చూస్తే వెగటు పుడుతుంది, పుట్టాలనే అలా గీశారు. సినిమాలో అవే దెబ్బలు వేగం తగ్గించి, ముచ్చటగా చూపించారు. శబ్దం దక్కింది, రసం తారుమారైంది.

ప్రశ్న: మూలకర్తే ఒప్పుకుంటే ఇక అభ్యంతరం ఏముంటుంది?

జవాబు: ఏ మూలకర్త? వాచ్‌మెన్ కామిక్‌కు బొమ్మలు గీసిన డేవ్ గిబ్బన్స్ సినిమాకు సహకరించారు, కథ రాసిన అలన్ మూర్ తన పేరే వేయవద్దన్నారు. ఒకే పుస్తకం, ఇద్దరు కర్తలు, రెండు తీర్పులు. 2005 నాటి సిన్ సిటీ సంగతి వేరు. కామిక్ కర్త ఫ్రాంక్ మిల్లర్‌కు సహదర్శకుడిగా పేరు వేయడానికి దర్శకుల సంఘం నిబంధనలు అడ్డురాగా, దర్శకుడు రాబర్ట్ రోడ్రిగెజ్ సంఘాన్నే వదులుకున్నారు. నలుపు తెలుపుల్లో కామిక్ పుటలే తెరమీద కదిలాయి. శబ్దాన్ని ‘అనుసరించడం’ అన్న క్రియకు ఉదాహరణ కావాలంటే నేను దాన్నే చూపిస్తాను.