రిటుక్సిమాబ్ మీద ఉన్నవాళ్ల యాంటీబాడీ రిపోర్టుల్ని ఎంతవరకు నమ్మొచ్చు?

ప్రశ్న: జిల్లా ఫిజీషియన్

నమస్కారం అండి. జిల్లా కేంద్రంలో జనరల్ మెడిసిన్ చూస్తాను. లింఫోమా, మైలోమా లాంటి రక్త క్యాన్సర్ల పేషెంట్లు హైదరాబాద్‌లోనో విశాఖలోనో కీమో ఎక్కించుకుంటారు గానీ, సైకిళ్ల మధ్యలో జ్వరమొస్తే ముందు వచ్చేది మా దగ్గరికే. వాళ్ల వైరల్ రిపోర్టుల దగ్గర పదేపదే ఎదురయ్యే సందేహాలు ఇవి.

ఒకటి. డీఎల్‌బీసీఎల్‌కి (ఒక రకం లింఫోమా) ఆర్-చాప్ (రిటుక్సిమాబ్ కలిసిన కీమో) నాలుగు సైకిళ్లు అయ్యాయి. మొదలుపెట్టేముందు హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్ బీ వైరస్ పైపొర యాంటిజెన్) ఒక్కటే చేశారు, నెగిటివ్. ఇప్పుడు యాంటీ-హెచ్‌బీసీ (ఆ వైరస్ ఎప్పుడైనా సోకిందా చెప్పే కోర్ యాంటీబాడీ) చేయిస్తే అదీ నెగిటివే. ఇక హెపటైటిస్ బీ సంగతి వదిలేయొచ్చా?

రెండు. ఆర్-చాప్ మధ్యలో జ్వరం, వచ్చి ఆరో రోజు. ప్లేట్‌లెట్లు 40 వేలు, డెంగీ ఐజీఎం (కొత్త ఇన్ఫెక్షన్‌లో ముందు వచ్చే యాంటీబాడీ) నెగిటివ్. డెంగీ కాదని రాసేయొచ్చా?

మూడు. మైలోమాకి బోర్టెజోమిబ్ అనే క్యాన్సర్ మందు నడుస్తోంది. వేరిసెల్లా (చికెన్‌పాక్స్ వైరస్) ఐజీజీ, అంటే పాత ఇన్ఫెక్షన్‌కి మిగిలే యాంటీబాడీ, పాజిటివ్. యాంటీబాడీ ఉన్నప్పుడు ఆ వైరస్ మళ్లీ లేవకుండా ఇచ్చే అసైక్లోవిర్ ఎందుకని ఇంట్లోవాళ్లు అడుగుతున్నారు.

నాలుగు. రిటుక్సిమాబ్ పేషెంట్‌కి కోవిడ్ టీకా తర్వాత స్పైక్ యాంటీబాడీ (వైరస్ మీది స్పైక్ ప్రోటీన్‌కి వచ్చేది) రాలేదు. టీకా వృథా అయినట్టేనా?

జవాబు 1: హెమటాలజిస్ట్

డాక్టర్ గారూ, మూడో ప్రశ్న తప్ప మిగతావాటికి మూలం ఒక్కటే. రిటుక్సిమాబ్ పట్టుకునేది పైన సీడీ20 అనే గుర్తు ఉన్న బీ కణాల్ని (యాంటీబాడీ తయారీ మొదలుపెట్టే తెల్ల కణాలు). వాటి నుంచి తయారై యాంటీబాడీలు వదిలే ప్లాస్మా కణాల మీద సీడీ20 ఉండదు కాబట్టి అవి మిగిలిపోతాయి. అంటే పాత ఇన్ఫెక్షన్లకి, చిన్నప్పటి టీకాలకి ఎముక మజ్జలో స్థిరపడ్డ ప్లాస్మా కణాలు ఐజీజీ తయారు చేస్తూనే ఉంటాయి. కొత్త వైరస్ వస్తే మాత్రం దాన్ని గుర్తించి ఐజీఎం తయారు చేయాల్సిన బీ కణాలు రక్తంలో దాదాపు ఉండవు. చివరి డోసు తర్వాత అవి తిరిగి కనిపించడానికి సుమారు ఆరు నెలలు, మామూలు స్థాయికి రావడానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది, కొందరిలో ఇంకా ఎక్కువ. అందుకే వీళ్లలో యాంటీబాడీ నెగిటివ్ వస్తే వైరస్ లేదని అర్థం చేసుకోకూడదు. వైరస్‌నే వెతకాలి: యాంటిజెన్, పీసీఆర్, డీఎన్‌ఏ.

మైలోమాది ఇందుకు భిన్నమైన దెబ్బ. అక్కడ చెడిపోయింది ప్లాస్మా కణాలే. మంచి ప్లాస్మా కణాలకి చోటు లేక మామూలు ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం మూడూ పడిపోతాయి. మొత్తం ఐజీజీ ఎక్కువ కనిపిస్తే రక్షణ ఉందని పొరపడకండి, అదంతా ఒకే క్లోన్ తయారు చేసిన పనికిరాని ప్రోటీన్.

ఇక హెపటైటిస్ బీ. దీని మీద కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఇందులో జరిగే మరణాలు దాదాపు అన్నీ ఆపగలిగినవే. ఎప్పుడో వచ్చి తగ్గిపోయిన ఇన్ఫెక్షన్‌లో కూడా వైరస్ డీఎన్‌ఏ కాలేయ కణాల కేంద్రకాల్లో మిగిలే ఉంటుంది. టీ కణాలు, బీ కణాలు కలిసి దాన్ని అణిచి పెడతాయి. ఆ కాపలా తీసేస్తే అది మళ్లీ లేస్తుంది. హెచ్‌బీఎస్‌ఏజీ నెగిటివ్ ఉండి యాంటీ-హెచ్‌బీసీ పాజిటివ్ ఉన్నవాళ్లు కూడా రిటుక్సిమాబ్ విషయంలో హై రిస్కే. అమెరికా ఎఫ్‌డీఏ 2013లో దీని లేబుల్ మీద బాక్స్ హెచ్చరికను బలపరిచింది కూడా ఇందుకే. మొదటి డోసుకి ముందే హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీ-హెచ్‌బీసీ టోటల్ రెండూ చేయాలి. ల్యాబ్‌కి "టోటల్" అని రాయకపోతే కొన్నిచోట్ల ఐజీఎం చేసి పంపిస్తారు, అది పాత ఇన్ఫెక్షన్‌ని పట్టుకోదు.

మీ పేషెంట్‌లో నాలుగు డోసుల తర్వాత చేసిన కోర్ యాంటీబాడీ పాజిటివ్ వచ్చి ఉంటే ఉపయోగపడేది. నెగిటివ్‌ని పూర్తిగా నమ్మలేం, ఉన్న కొద్దిపాటి యాంటీబాడీ కరిగిపోయి ఉండొచ్చు. కీమోకి ముందు తీసిన సీరం ఎక్కడైనా దాచి ఉంటే దాని మీద చేయించండి. లేకపోతే ఇప్పుడే హెచ్‌బీవీ (హెపటైటిస్ బీ వైరస్) డీఎన్‌ఏ ఎంత ఉందో కొలిచే క్వాంటిటేటివ్ పరీక్ష పంపండి. డీఎన్‌ఏ కనిపిస్తే అదే రోజు మందు మొదలుపెట్టాలి. కనిపించకపోతే ప్రతి సైకిల్‌కి ఎస్‌జీపీటీ (కాలేయం దెబ్బతింటే పెరిగే ఎంజైమ్), మూడు నెలలకోసారి హెచ్‌బీఎస్‌ఏజీ, డీఎన్‌ఏ చూస్తూ ఉండండి. ఎస్‌జీపీటీ ఒక్కటే చూస్తూ కూర్చుంటే ఆలస్యమైపోతుంది. డీఎన్‌ఏ పెరిగిన వారాల తర్వాత గానీ అది పెరగదు.

జవాబు 2: మైక్రోబయాలజీ ల్యాబ్

డెంగీ ప్రశ్నకి ల్యాబ్ వైపు నుంచి చెబుతాను. మామూలు మనిషిలోనే ఐజీఎం ఐదో రోజు దాకా నమ్మదగ్గది కాదు, రెండోసారి డెంగీ వచ్చినప్పుడు తక్కువగా కూడా ఉంటుంది. బీ కణాలు లేనివాళ్లలో అసలు రాకపోవచ్చు. కాబట్టి ఆరో రోజు ఐజీఎం నెగిటివ్ మీద ఏమీ తేల్చకండి. ఎన్‌ఎస్1 (డెంగీ వైరస్ యాంటిజెన్), ఆర్‌టీ-పీసీఆర్ రెండూ పంపండి. ఎన్‌ఎస్1 రోజులు గడిచేకొద్దీ, రెండోసారి డెంగీలోనూ తప్పిపోతుంది, అందుకే పీసీఆర్ జత కావాలి. చికున్‌గున్యా, స్క్రబ్ టైఫస్ (నల్లి లాంటి పురుగు కాటుతో వచ్చే జ్వరం) ఐజీఎంలకీ ఇదే మాట వర్తిస్తుంది. స్క్రబ్ అనుమానం బలంగా ఉంటే ఒంటి మీద నల్లని పెచ్చు కోసం చంకలు, గజ్జలు, రొమ్ముల కింద వెతకండి. రిపోర్టు కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ ఇవ్వడం మేలు.

ప్లేట్‌లెట్లు 40 వేలు అన్నది ఇక్కడ పెద్దగా సాయం చేయదు. ఆర్-చాప్‌లో సైకిల్ పదో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా కౌంట్లు ఎలాగూ కిందికి వస్తాయి. డెంగీలో రక్తం చిక్కబడిందని చెప్పడానికి హిమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల వాటా) 20 శాతం పెరగాలన్న సూత్రం కూడా వీళ్ల పాత రిపోర్టుతో పోల్చి చూసుకోవాలి. కీమో రక్తహీనతతో 28 ఉన్న మనిషికి 35 వచ్చిందంటే అది పెరిగినట్టే, పైకి నార్మల్‌లా కనిపించినా. మధ్యలో రక్తం ఎక్కించి ఉంటే ఆ లెక్కా తప్పుతుంది. అప్పుడు అల్ట్రాసౌండ్‌లో పిత్తాశయం గోడ వాపు, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చూడటం మంచిది.

వీటన్నిటికంటే ముందు న్యూట్రోఫిల్ (బాక్టీరియాతో పోరాడే తెల్ల కణాలు) కౌంట్. 500 కంటే తక్కువ ఉండి, నోట్లో జ్వరం ఒక్కసారి 38.3 డిగ్రీల సెల్సియస్, లేదా 38 గంటసేపు ఉంటే అది ఫెబ్రైల్ న్యూట్రోపీనియా. రెండు చేతుల నుంచీ బ్లడ్ కల్చర్ తీసి గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. డెంగీ పాజిటివ్ వచ్చినా అది ఆగకూడదు. సైకిల్ మొదటి ఐదు రోజులు ప్రెడ్నిసొలోన్ (స్టెరాయిడ్) 100 మిల్లీగ్రాములు వేసుకుంటారు కనుక ఆ రోజుల్లో జ్వరం బయటపడకపోవచ్చు, అనుమానించడానికి వణుకూ నీరసం ఉంటే చాలు.

ఇంకొకటి, ఇది తరచూ తప్పుదారి పట్టిస్తుంది. ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన ఐజీజీ) ఎక్కించిన తర్వాత తీసిన శాంపిల్‌లో దాతల యాంటీబాడీలు కనిపిస్తాయి. యాంటీ-హెచ్‌బీసీ, సీఎంవీ (సైటోమెగలో వైరస్) ఐజీజీ, వేరిసెల్లా ఐజీజీ అన్నీ పాజిటివ్ రావచ్చు. ఐజీజీ సగం కావడానికి సుమారు మూడు వారాలు, అందుకే ఈ అబద్ధపు పాజిటివ్ కొన్ని నెలలు ఉంటుంది. సీఎల్‌ఎల్ (మరో రక్త క్యాన్సర్) పేషెంట్లలో కొందరు నెలనెలా ఐవీఐజీ తీసుకుంటారు కాబట్టి దాని మొదటి డోసుకి ముందే సీరాలజీ (యాంటీబాడీ పరీక్షలు) అంతా చేయించి ఫైల్లో పెట్టండి. రిక్వెస్ట్ ఫారం మీద రిటుక్సిమాబ్ చివరి డోసు తేదీ, ఐవీఐజీ తేదీ రాస్తే మా కామెంట్ కూడా పనికొచ్చేలా ఉంటుంది.

జవాబు 3: క్లినికల్ ఫార్మసిస్ట్

అసైక్లోవిర్ ఆపొద్దండి. వేరిసెల్లా వైరస్ చికెన్‌పాక్స్ తగ్గాక నరాల గాంగ్లియాల్లో (నరాల మొదట్లో ఉండే ముడుల్లో) దాక్కుంటుంది. దాన్ని అక్కడ అణిచి ఉంచేవి టీ కణాలు. ఐజీజీ పాజిటివ్ అంటే వైరస్ ఒంట్లో ఉందనే చెబుతోంది, మళ్లీ లేవదని హామీ కాదు. నిజానికి ఆ పాజిటివ్ మందు వేయడానికే కారణం. బోర్టెజోమిబ్ నడిచినన్నాళ్లూ అసైక్లోవిర్ 400 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు. క్రియాటినిన్ చూసుకోవాలి, మైలోమాలో కిడ్నీ దెబ్బతినడం మామూలే, నీళ్లు బాగా తాగించాలి.

ఆ వైరస్ తిరిగి లేచి అక్కి (షింగిల్స్) వస్తే మన ఊళ్లలో ముందు అక్కి రాయించుకోవడానికి వెళ్తారు, ఆ లోపు మందు మొదలుపెట్టాల్సిన మొదటి 72 గంటలు గడిచిపోతాయి. దీని గురించి ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి ఉంచాలి. ఒకే నరం పట్టీ దాటి ఒళ్లంతా ఇరవైకి మించి పొక్కులుంటే, కంటి దగ్గరుంటే, అడ్మిట్ చేసి కిలోకి 10 మిల్లీగ్రాముల చొప్పున ఎనిమిది గంటలకోసారి ఐవీ అసైక్లోవిర్. ప్రాణం లేని రీకాంబినెంట్ షింగిల్స్ టీకా ఇప్పుడు మన దేశంలోనూ దొరుకుతోంది, ఇమ్యూనిటీ తగ్గినవాళ్లకి రెండో డోసు ఒకటి రెండు నెలలకే ఇవ్వొచ్చు. ఖరీదు ఎక్కువ, అది నిజమే.

హెపటైటిస్ బీకి ఎంటెకావిర్ 0.5 మిల్లీగ్రాములు రోజుకొకటి, ఖాళీ కడుపుతో: తిన్న రెండు గంటలకి, మళ్లీ తినడానికి రెండు గంటల ముందు. పడుకునేముందు అలవాటు చేస్తే సులువు. క్రియాటినిన్ క్లియరెన్స్ 50 కంటే తగ్గితే డోసు మార్చాలి. లామివుడిన్ చవకే గానీ వైరస్ దానికి త్వరగా మొండికేస్తుంది, ఇంత పొడవాటి కోర్సుకి పనికిరాదు. ఇంతకుముందు లామివుడిన్ వాడి ఉంటే ఎంటెకావిర్ బదులు టెనోఫోవిర్.

కోవిడ్ వస్తే రిటోనావిర్ కలిసిన మందు రాసేముందు లిస్టు మొత్తం చూడండి. విన్‌క్రిస్టిన్, వెనెటోక్లాక్స్, ఇబ్రూటినిబ్ అనే క్యాన్సర్ మందుల స్థాయులు అది ప్రమాదకరంగా పెంచేస్తుంది. అలాంటప్పుడు ఐవీ రెమ్‌డెసివిర్ మేలు.

జిల్లా ఫిజీషియన్

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. ఒక చిన్న ప్రశ్న. ఆరో సైకిల్ అయ్యాక ఎంటెకావిర్ కొన్నాళ్లు వేసి ఆపేస్తున్నారు, కీమో అయిపోయింది కదా అని. అది సరేనా? టీకా సంగతి కూడా చెప్పండి.

జవాబు 4: హెమటాలజిస్ట్

అది చాలా ప్రమాదం, డాక్టర్ గారూ. కీమో నడుస్తున్నప్పుడు వైరస్ పెరుగుతుంది గానీ, కాలేయం దెబ్బతినేది ఎక్కువగా ఆ తర్వాతే. వైరస్ తనంతట తాను కాలేయ కణాల్ని పెద్దగా చంపదు. కోలుకున్న టీ కణాలు తిరిగొచ్చి, వైరస్ నిండిన కణాల మీద ఒక్కసారిగా పడితే కామెర్లు, లివర్ ఫెయిల్యూర్. అప్పటికి పేషెంట్ క్యాన్సర్ తగ్గిందని సంతోషంగా ఉంటాడు, కామెర్లకి పసరు మందు తాగి వారం పోగొట్టుకుంటాడు. రిటుక్సిమాబ్ చివరి డోసు తర్వాత కనీసం 12 నెలలు ఎంటెకావిర్ ఉండాలి. యూరప్ వాళ్ల మార్గదర్శకం 18 నెలలు అంటుంది, నేను దాని వైపే మొగ్గుతాను. ఆపిన తర్వాత కూడా ఏడాదిపాటు మూడు నెలలకోసారి ఎస్‌జీపీటీ, డీఎన్‌ఏ. డిశ్చార్జ్ సమ్మరీలో "ఈ తేదీ వరకు ఆపరాదు" అని తెలుగులోనే పెద్ద అక్షరాలతో రాయండి.

కోవిడ్ టీకా వృథా కాదు. రిటుక్సిమాబ్ తర్వాత ఆరు నెలల్లోపు తీసుకున్నవాళ్లలో చాలామందికి యాంటీబాడీ రాదు, కానీ ఎక్కువమందిలో టీ కణాలు స్పందిస్తాయి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు 2021లో ప్రచురించిన అధ్యయనంలో, రక్త క్యాన్సర్‌తో కోవిడ్ వచ్చినవాళ్లలో బీ కణాల స్పందన దెబ్బతిన్నా సీడీ8 టీ కణాలు బాగా ఉన్నవాళ్లు మెరుగ్గా బతికారు. స్పైక్ యాంటీబాడీ పరీక్ష ఈ టీ కణాల సంగతి అసలు చూడదు, దాన్ని రొటీన్‌గా చేయించకండి. అయితే టీ కణాలు అందరికీ మిగలవు. బెండాముస్టిన్, ఫ్లూడరాబిన్ అనే కీమో మందులు పడ్డవాళ్లలో సీడీ4 (టీ కణాల్లో ఒక రకం) నెలల తరబడి తక్కువే ఉంటుంది. బీ కణాలు, టీ కణాలు రెండూ దెబ్బతిన్న ఇలాంటివాళ్లలోనే కోవిడ్ వారాలకొద్దీ సాగుతుంది: జ్వరం వస్తూ పోతూ, ముక్కు స్వాబ్ నెగిటివ్, సీటీలో మచ్చలు చోటు మారుతూ. బ్రాంకోస్కోపీ ద్రవంలో పీసీఆర్ చేస్తే దొరుకుతుంది.

ప్రాణం లేని టీకాలు రిటుక్సిమాబ్‌కి కనీసం రెండు వారాల ముందు, లేదా ముగిశాక ఆరు నెలలకి ఇస్తే బాగా పనిచేస్తాయి. ఫ్లూ సీజన్ నడుస్తుంటే మాత్రం ఆరు నెలలు ఆగొద్దు, ఎంతో కొంత వస్తుంది. ఇంట్లో అందరికీ ఫ్లూ టీకా వేయించండి, పేషెంట్‌కి యాంటీబాడీ రానప్పుడు ఇదే ఎక్కువ కాపాడుతుంది. ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ లాంటి సజీవ టీకాలు పేషెంట్‌కి వద్దు, మనవలకి మామూలుగానే వేయించొచ్చు. ఇంట్లో పసిబిడ్డ ఉంటే చుక్కల పోలియో బదులు ఇంజెక్షన్ గురించి పిల్లల డాక్టర్‌తో మాట్లాడమనండి. రోటావైరస్ చుక్కలు వేసిన నాలుగు వారాలు ఆ బిడ్డ డైపర్లు పేషెంట్ మార్చకూడదు.