అమెరికాలో పాయిజన్ ఐవీ, సుమాక్: మామిడి సొన పడనివాళ్లు ఏం చూసుకోవాలి?

బ్రాడీపేట_అమ్మ:
అందరికీ నమస్కారం. మాది గుంటూరు. మా అమ్మాయి పురుడుకి న్యూజెర్సీ వెళ్తున్నాం, ఎండాకాలం నుంచి చలి మొదలయ్యేదాకా అక్కడే ఉంటాం. వాళ్ల ఇంటి వెనకాల అడవిలాంటి జాగా, అందులోంచే నడకదారి. పాయిజన్ ఐవీ (తగిలితే ఒళ్లు పొక్కించే మొక్కట) ఉంది జాగ్రత్త అని దారి మొదట్లోనే బోర్డు పెట్టారట. మా వారికి పొద్దున్నే నడవకపోతే తోచదు, పైగా కనిపించిన ప్రతి ఆకూ తుంచి నలిపి వాసన చూసే అలవాటు. నా టెన్షన్ ఇంకొకటి. నాకు చిన్నప్పటినుంచీ మామిడికాయ సొన పడదు. ఆవకాయకి కాయలు కడిగి తుడిస్తే చాలు మోచేతుల దాకా దద్దుర్లు, రసాలు తొక్కతో జుర్రితే మూతంతా పొక్కుతుంది. ఆ ఐవీ కూడా మామిడి కుటుంబమేనని, నాలాంటివాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలని అల్లుడు అంటున్నాడు. నిజమేనా? దారి పక్కన ఎర్ర కంకుల సుమాక్ చెట్లు కూడా బోలెడు ఉన్నాయట, అవీ విషమే కొట్టించేయమని పక్కింటివాళ్లు చెబుతున్నారట. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

బోటనీ_మాస్టారు:
మీ అల్లుడు చెప్పింది నిజమేనమ్మా. నేను గుంటూరులో చాలాకాలం వృక్షశాస్త్రం పాఠాలు చెప్పాను, ఈ కుటుంబం అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. మామిడి, బాపట్ల ఇసుక నేలల్లో పండే జీడిమామిడి, నల్లమలలోని నల్లజీడి, సారపప్పు చెట్టు, మన గట్ల మీది గుంపెన, అక్కడి సుమాక్, పాయిజన్ ఐవీ అన్నీ అనకార్డియేసీ కుటుంబంలోవే. ఐవీ రసంలో ఉరుషియోల్ అనే జిడ్డు పదార్థం ఉంటుంది. మామిడి తొక్కలోనూ సొనలోనూ, జీడిపిక్క పెంకు నూనెలోనూ ఉండేవి అచ్చంగా అదే కాకపోయినా నిర్మాణంలో దానికి బాగా దగ్గరివి, అందుకని ఒకదానికి ఎదురు తిరిగిన ఒళ్లు రెండోదానికీ తిరగొచ్చు. అక్కడ చిన్నప్పుడు ఐవీ తగిలినవాళ్లలో కొందరికి పెద్దయ్యాక మామిడిపండు తొక్క తగిలితే మూతి పొక్కుతుంది, మీది అదే కథ ఇటునుంచి. నల్లజీడి రసంతో మన దగ్గర ఉతికే బట్టలకి గుర్తులు పెట్టేవారు కదా, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇక్కడ ఉన్న విదేశీ సైనికులకి సరిగ్గా ఆ గుర్తు ఒంటికి తగిలే చోట, మెడ దగ్గరా నడుం దగ్గరా, దద్దుర్లు లేచాయి.

ఇక గుర్తుపట్టడం. మీ వారికి మారేడు దళం తెలుసు కాబట్టి సగం పని అయిపోయినట్టే. ఐవీ ఆకు కూడా అలాగే మూడు రెక్కలు, నడిమి రెక్కకి మాత్రం పొడుగు కాడ, పక్క రెండూ దాదాపు కాడ లేకుండా అంటుకుని ఉంటాయి. మారేడుకి ముళ్లుంటాయి, దీనికి ఉండవు. పక్క రెక్కలు రెండు వైపులా సమానంగా ఉండవు, బయటివైపు కాస్త ఉబ్బి ఒకటి రెండు పళ్లు ఉంటాయి, ఒక్కోసారి అంచు నున్నగానే ఉంటుంది. లేత ఆకు ఎర్రగా మెరుస్తుంది, ముదిరితే పచ్చన, అక్టోబర్‌కి మళ్లీ ఎరుపు, అంత అందంగా ఉంటుంది కాబట్టే జనం కోసుకుంటారు. కొమ్మ మీద ఆకులు ఒకటి ఇటు ఒకటి అటుగా వస్తాయి, ఎదురెదురుగా రావు. కాయలు తెల్లగా మిరియమంత. నేల మీద పాకుతుంది, పొదలా లేస్తుంది, చెట్టూ ఎక్కుతుంది, కాబట్టి తీగ కోసం మాత్రమే వెతికితే లాభం లేదు. అయిదు రెక్కలుంటే అది వర్జీనియా క్రీపర్, ఐవీ కాదు.

సుమాక్ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. ఎర్ర కంకులు పైకి నిలబడి ఉన్నవి, ఆకు రెక్కలకి రంపం పళ్లున్నవి, కొమ్మల మీద మెత్తటి నూగున్నవి అయితే అది స్టాగ్‌హార్న్ సుమాక్. నూగు లేకుండా నున్నగా ఉంటే స్మూత్ సుమాక్. ఇవి ఐవీలాగా ఒళ్లు పొక్కించవు. ఎర్ర కంకుల్ని చన్నీళ్లలో నానబెట్టి, నూగు గొంతుకి పట్టకుండా బట్టలో వడగట్టి పుల్లటి పానీయం చేసుకుంటారు, అరబ్బుల వంటల్లోని సుమాక్ పొడి కూడా ఈ జాతిలోని వేరే చెట్టుదే. అయినా మీకు మామిడి పడదు కాబట్టి మీరు ఆ పానీయం జోలికి పోకపోవడమే మంచిది.

విషపు సుమాక్ వేరు. అది బురద నేలల్లో, చిత్తడిలో పెరుగుతుంది, ఆకుకి 7 నుంచి 13 రెక్కలు, అంచులు నున్నగా, కాయలు తెల్లగా కిందికి వేలాడుతూ ఉంటాయి. ఎర్ర కంకుల చెట్లని విషమని కొట్టేయడం అన్యాయం. చలికాలమంతా ఆ కంకులు చెట్టునే ఉంటాయి, తిండి దొరకని రోజుల్లో పక్షులకి అవే ఆధారం. పక్కింటివాళ్లకి మీ అమ్మాయి చేత చెప్పించండి.

బెజవాడ_టు_ఎడిసన్:
మాది కృష్ణలంక, ఇప్పుడు న్యూజెర్సీలోనే ఉంటున్నాను. ఆంటీ, ఇక్కడ స్కూలు పిల్లలకి మూడాకులుంటే ముట్టుకోవద్దని ముందే నేర్పుతారు. మాస్టారు చెప్పనివి కొన్ని. ఆకులు రాలాక కూడా తీగ ప్రమాదమే, చెట్టు మానుని పట్టుకుని గోధుమరంగు వెంట్రుకల్లాంటి వేళ్లతో మందంగా కనిపిస్తే చెయ్యి ఆనించకండి. ఎండి చచ్చిన తీగలో కూడా ఆ జిడ్డు చాలాకాలం పోదు. కుక్క ఆ పొదల్లో దొర్లి వస్తే దానికి సాధారణంగా ఏమీ కాదు, దాన్ని నిమిరిన మనకి వస్తుంది. బూట్ల లేసులు, చేతికర్ర, తోటపని గ్లౌజులు కూడా అంతే, వాటి సంగతి ఎవరికీ గుర్తుండదు. అన్నిటికన్నా ముఖ్యం, మన ఊళ్లో వాకిలి ఊడ్చి ఆకులు కుప్పేసి అంటించినట్టు ఇక్కడ చేయకండి. ఐవీ కలిసిన కుప్ప కాలితే పొగలో ఆ విషం ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆస్పత్రిలో చేరాల్సి రావచ్చు. మెయిన్‌గా అంకుల్‌కి చెప్పండి.

నూజివీడు_తోట:
మా తోటలో కాయ కోతప్పుడు తొడిమ ఉంచి కోస్తాం, తర్వాత తొడిమ తీసి బోర్లిస్తే సొన కిందికి కారిపోతుంది, కాయ మీద పడితే తొక్క నల్లగా కాలుతుంది. అంత ఘాటు. కోసేవాళ్లు చేతులకి కొబ్బరినూనె రాసుకుంటారు. అక్కా, నడకకి వెళ్లేముందు మీరూ రాసుకుంటే పనిచేస్తుందేమో?

చర్మం_డాక్టర్_విజయవాడ:
నూనె నమ్ముకోవద్దండి. ఫుల్ ప్యాంటు, ఫుల్ చేతులు, సాక్సు, దారి మధ్యలో నడవడం, ఇవే రక్షణ. తగిలిందని అనుమానం వస్తే అప్పటికప్పుడే సబ్బు, నీళ్లతో బాగా కడగాలి, గోళ్ల కింద కూడా. పది నిమిషాల లోపు అయితే చాలా మేలు, ఆలస్యమైనా కడగడం మానొద్దు. వేసుకున్న బట్టలు విడిగా ఉతకండి. ఇదివరకే అలర్జీ ఉన్నవాళ్లకి సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో దురద, గీతలు గీతలుగా దద్దు, నీటి పొక్కులు వస్తాయి. మొదటిసారి తగిలినవాళ్లకి వారం పైన పట్టొచ్చు, అసలు రాకపోవచ్చు కూడా, కాబట్టి మీ వారు ఒకసారి ఆకు నలిపి ఏమీ కాలేదంటే మళ్లీ నలపొచ్చని కాదు. పొక్కులోని నీరు తగిలితే పాకుతుందన్న భయం వద్దు, పాకేది ఇంకా కడగని జిడ్డు మాత్రమే. కాలమైన్ లోషన్, చల్లటి తడిగుడ్డ చాలాసార్లు సరిపోతాయి. ముఖం, కళ్లు వాచినా, ఊపిరి ఇబ్బందైనా వెంటనే ఆస్పత్రికి. ఇక్కడినుంచి స్టెరాయిడ్ మాత్రలు తీసుకెళ్లి మీ అంతట మీరు మింగకండి, నాలుగు రోజులు వాడి ఆపేస్తే దద్దు మళ్లీ విరుచుకుపడుతుంది. అమ్మాయికి తగిలితే పురుడు పోసే డాక్టర్‌ని అడక్కుండా ఏ మందూ వద్దు.

బ్రాడీపేట_అమ్మ:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. ఇవన్నీ చదివి అమ్మాయి చేత కంచె పక్కన ఉన్న మొక్క ఫొటో తెప్పించాను. మూడు రెక్కలే ఉన్నాయి, నడిమిదానికి కాడ కూడా ఉంది, భయమేసింది. కానీ ఆకులు కొమ్మకి రెండు వైపులా ఒకే చోట జంటగా వచ్చాయి. ఐవీయేనా మాస్టారూ?

బోటనీ_మాస్టారు:
జంటగా ఎదురెదురుగా వస్తే ఐవీ కాదమ్మా. అది బాక్స్ ఎల్డర్ లేత మొక్క అయి ఉండాలి, మేపుల్ జాతి, అక్కడ అందరూ మొదట ఐవీ అనుకునేది దాన్నే. అయినా దాని మొదట్లో వేరే తీగ ఏదైనా పాకుతోందేమో దూరం నుంచే చూడమనండి, రెండూ ఒకే కంచెకి పెరగడం మామూలే.